తొమ్మిదో ట్రాక్‌లో గొంతు

పోయినవారం మనం వదిలేసి వచ్చేసరికి ఫెన్నా చూపుడువేలు ‘ప్రచురించు’ అన్న మీట మీద ఉంది. మనకి వారం గడిచింది. ఆమెకి గడిచింది ఒక్క క్షణమే. వేలు ఇంకా అక్కడే ఉంది.

నొక్కితే ఒక మనిషి పరువు పోతుంది. నొక్కకపోతే తన తమ్ముడు రెండోసారి మునిగిపోతాడు.

ఫెన్నా డైక్‌స్ట్రా ఉద్యోగం ఆల్డ్‌సెయిల్ కాలువ మీద పడవలకి వంతెన తెరవడం, మళ్ళీ మూయడం. మధ్యలో తీరిక దొరికినప్పుడల్లా ట్రాన్స్ అనే ఎలక్ట్రానిక్ డాన్సు సంగీతం వింటుంది. విన్నదాని గురించి ‘వంతెన’ అనే పేరుతో రాస్తుంది. ఆమె ఏమంటుందో చూసి గానీ కొత్త ఆల్బమ్ కొననివాళ్ళు వేలమంది ఉన్నారు. ఆ పేరు వెనక ఉన్న మనిషెవరో, ఆ వంతెన ఎక్కడుందో తెలిసినవాళ్ళు మాత్రం ఇద్దరే. ఒకడు ఆమె తమ్ముడు యెల్మర్. ఎనిమిదేళ్ళ కిందట అతని పడవ వాడెన్ సముద్రంలో బురదమేట మీద ఒరిగిపోయి, ఖాళీగా దొరికింది. మనిషి దొరకలేదు. రెండోవాడు యెల్మర్ స్నేహితుడు వెస్సెల్ రోర్డా. ఇవాళ ట్రాన్స్ లోకంలో అతని పేరు తెలియనివాడు లేడు.

వెస్సెల్ కొత్త ఆల్బమ్ ‘ఆటుపోటు’ రేపు, శుక్రవారం విడుదల. ముందుగా వినమని ఏడుగురికి పంపారు. గురువారం మధ్యాహ్నం పన్నెండు కొట్టేదాకా ఏడుగురిలో ఎవరూ నోరు మెదపకూడదని ఒప్పందం.

ఇప్పుడు గురువారం, పదకొండూ పది.

మూడో ట్రాక్‌లో ఫెన్నాకి ఒక గంట వినిపించింది. అది తన వంతెన గంటే. వెస్సెల్‌కి ఒక్క వాక్యం పంపింది: “ఆ గంట ఎవరు రికార్డు చేశారు?” సమాధానం రాలేదు. దానికి బదులు ఇప్పుడు కింద రోడ్డు మీద కారు తలుపు పడిన చప్పుడు వచ్చింది.

ఫెన్నా మీట మీంచి వేలు తీసింది. తెర మీద ఆమె రాసింది అలాగే ఉంది.

*“ఈ ఆల్బమ్‌ని కూర్చుని వినడం మొదలుపెట్టాను. రెండో ట్రాక్ సగంలో చూసుకుంటే నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలీదు. కాఫీ చల్లారిపోయింది.*

*ఈమధ్య ట్రాన్స్ పేరుతో మనకి మెట్లు అమ్ముతున్నారు. ఎక్కు, ఇంకా ఎక్కు, ఇంకొక్కటి, ఇదిగో దూకు. చేతులు ఎక్కడ ఎత్తాలో పాట మొదలవకముందే తెలిసిపోతుంది. తెలిసిన చోట చేతులెత్తడాన్ని మా ఊళ్ళో కసరత్తు అంటారు.*

*‘ఆటుపోటు’ నీళ్ళలా వస్తుంది. మొదటి ట్రాక్‌లో ఆరు నిమిషాలపాటు ఏమీ జరగడం లేదనుకుంటాం. ఏడో నిమిషంలో చూస్తే మోకాళ్ళ దాకా తడిసి ఉంటాం.*

*మూడోదాని గురించి రేపట్నుంచి జనం కొట్టుకుంటారు. డ్రమ్ము ఆగిపోతుంది. దూరంగా ఒక గంట. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో దెబ్బ రాదు. నాలుగులూ ఎనిమిదులూ లెక్కపెట్టుకుంటూ బతికే సంగీతం ఇది. ఇందులో దెబ్బ తప్పితే, మెట్టు ఉందనుకుని కాలు వేసిన చోట మెట్టు లేనట్టు ఉంటుంది. అరక్షణం గుండె గాల్లో ఆగుతుంది. అప్పుడు పడుతుంది ఐదోది, ఆలస్యంగా, కాస్త బొంగురుగా. దాని వెనకే రాగం మొత్తం తలుపులు తోసుకుని లోపలికొస్తుంది. నేను గట్టిగా అరిచాను. పొద్దున్న తొమ్మిదింటికి, ఒంటరిగా, డ్యూటీలో ఉండి అరిచాను. బాతులు లేచిపోయాయి.*

*లోపాలు లేవనను. ఆరోది పొడుగు. మూడు నిమిషాలు కోసేసినా ఏమీ పోదు. ఏడోదానిలో ఆ అమ్మాయి పాడే మాటలు ఎవరు రాశారో గానీ రాయకుండా ఉండాల్సింది. ఎనిమిదోదాని గురించి మాత్రం నేను రాయలేను. మీకు దూరమైపోయిన మనిషి ఎవరైనా ఉంటే, పక్కన ఎవరూ లేనప్పుడు వినండి.*

*పన్నెండేళ్ళుగా రాస్తున్నాను. ఇంత గొప్ప ఆల్బమ్ వినలేదు.*

*దీన్ని చేసింది వెస్సెల్ రోర్డా కాదు. చేసినవాడి పేరు యెల్మర్ డైక్‌స్ట్రా. అతను నా తమ్ముడు.”*

అక్కడితో ఆగింది. తొమ్మిది ట్రాకుల ఆల్బమ్ మీద ఎనిమిది ట్రాకుల అభిప్రాయం.

ఫెన్నాకి ఒక నియమం ఉంది. చివరి ట్రాక్ చివరి చప్పుడు దాకా వినకుండా ఒక్క అక్షరం రాయకూడదు. పన్నెండేళ్ళలో ఇవాళే తప్పింది. తొమ్మిదోది కూడా వినేస్తే, తమ్ముడి దగ్గర్నుంచి కొత్తగా వినడానికి ఇంకేమీ మిగలదు. ఆ ఒక్కటీ దాచుకుంది.

ఇనుప మెట్ల మీద అడుగులు. పద్నాలుగు మెట్లు. పద్నాలుగోదాని మీద కాసేపు ఆగాయి.

“తలుపు తీసే ఉంది,” అంది ఫెన్నా.

పదిహేను వేలమంది ముందు చేతులు చాచి నిలబడే వెస్సెల్, వంతెన పక్కనున్న ఆ చిన్న గదిలోకి రావడానికి నడుం దాకా వంగాడు. చేతిలో బేకరీ అట్టపెట్టె.

“ఒరాన్యె కేకు తెచ్చాను. పైన గులాబీ పూతది. నీకిష్టం కదా.”

“పోయినసారి ఎప్పుడు తెచ్చావో గుర్తుందా?”

వెస్సెల్ పెట్టెకి కట్టిన దారం సర్దాడు.

“యెల్మర్ పడవ దొరికిన మర్నాడు. నువ్వు కేకు పట్టుకొచ్చావంటే నాకు భయం వెస్సెల్. అక్కడ పెట్టు.”

“ఆమ్‌స్టర్‌డామ్ నుంచి దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చాను.”

“ఆగాల్సింది. ఏం చెప్పాలో ఆలోచించుకునేవాడివి.” గోడ మీద గడియారం చూపించింది. “పన్నెండింటికి నా భోజనం. అప్పటిదాకా నీదే టైము. మొదలుపెట్టు.”

ఆల్డ్‌సెయిల్‌లో భోజనం అంటే నవ్వులాట కాదు. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఈ కాలువ మీద ఏ వంతెనా లేవదు. రాజుగారు పడవలో వచ్చినా గట్టుకి తాడు కట్టుకుని కూర్చోవలసిందే. చుట్టుపక్కల పడవలవాళ్ళందరికీ తెలుసు, ఆ గంటలో ఎవరూ రారు.

“అది గంట, ఫెన్నా. అంతే,” అన్నాడు వెస్సెల్. “చప్పుళ్ళు అమ్మే చోట అలాంటివి వందలు దొరుకుతాయి.”

“ఐదో దెబ్బ ఆలస్యంగా పడేవి ఎన్ని దొరుకుతాయి?”

“అది నేను కావాలని…”

“నువ్వు కావాలని కాదు. తుప్పు కావాలని.” ఫెన్నా కిటికీ బయటికి చెయ్యి చూపింది. “పాత గంటకి ఇనప సుత్తి ఉండేది. అది నాలుగు దెబ్బలు బానే కొట్టేది. ఐదోదానికి కీలు దగ్గర పట్టేసేది. ఆ కీలుకి ఆరేళ్ళు నూనె పోసింది నేను. నా చేతుల మీద ఆ మరకలు నువ్వూ చూశావు. యెల్మర్ ఆ మెట్టు మీదే కూర్చుని దాన్ని రికార్డు చేసేవాడు. ‘అక్కా, నూనె పొయ్యకే, బాగైపోతుంది’ అని ఏడ్చేవాడు.”

మూడో ట్రాక్ పెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇద్దరూ తెలియకుండానే ఊపిరి బిగబట్టారు. ఐదు. ఇద్దరూ కలిసి వదిలారు.

“ఆ గంట తీసేసి ఐదేళ్ళయింది,” అంది ఫెన్నా. “ఇప్పుడున్నది యంత్రం. తప్పు కొట్టదు. చెప్పు, నీకెక్కడిది?”

వెస్సెల్ కుర్చీ కోసం చూశాడు. ఉన్నది ఒక్కటే కుర్చీ, అందులో ఆమె ఉంది. నేల మీద కూర్చున్నాడు.

“వాడే ఇచ్చాడు,” అన్నాడు. “పడవెక్కే ముందు వారం. ఒక డిస్కు. ‘నీ దగ్గరుంచు’ అన్నాడు.”

“ఉంచమన్నాడు. అమ్మమన్నాడా?”

“ఫెన్నా, నాకు రాగం రాదు.” ఆ మాట అనేశాక అతని భుజాలు కిందికి దిగాయి. “నీకు తెలుసు. వాడికి తెలుసు. ఇంకెవరికీ తెలీదు. డ్రమ్ము నేను పెట్టగలను. చప్పుడుని అద్దంలా తోమగలను. వేదికెక్కి జనాన్ని ఏడిపించగలను. రాగం మాత్రం ఎప్పుడూ వాడిదే. వాడు పోయాక ఎనిమిదేళ్ళు పాతవే తిప్పి కొట్టాను. నువ్వే రాశావు కదా పోయిన ఆల్బమ్ మీద, ‘వేడి చేసిన నిన్నటి సూపు’ అని.”

“తక్కువే రాశాను.”

“ఆ రోజే డిస్కు తీశాను. వింటే… నువ్వు విన్నావు కదా. అలాంటివి సొరుగులో పెట్టుకుని చచ్చిపోనా? వాడి పేరు పెడతాను. ఒట్టు. ఈ వేసవి గడవనీ. ఇప్పుడు చెబితే ఒప్పుకున్న సంగీతోత్సవాలన్నీ పోతాయి, నాతో పనిచేసే పదకొండు మంది రోడ్డున పడతారు. ఒక్క రెండు నెలలు. వాడికేం తొందర, ఫెన్నా?”

ఆ చివరి మాట గదిలో అలాగే ఉండిపోయింది. వెస్సెల్ నాలిక కరుచుకున్నాడు.

ఫెన్నా అతనివైపు చూడలేదు. కంప్యూటర్ వైపు తిరిగింది.

“తొమ్మిదీ ఆ డిస్కులోవేనా?”

“తొమ్మిదీ.”

“ఎనిమిదేళ్ళ కిందటి డిస్కు.”

“అవును. ఒట్టు.”

“సరే.” ఆమె చెయ్యి తొమ్మిదో ట్రాక్ మీదకి వెళ్ళింది.

“అది వద్దులే,” అన్నాడు వెస్సెల్. మరీ తొందరగా అన్నాడు. “అదేం గొప్పది కాదు. తెల్లారాక జనాన్ని ఇళ్ళకి పంపే పాట. ఎనిమిదీ విన్నావు, చాలు.”

ఫెన్నా మెల్లగా తల తిప్పింది.

“పన్నెండేళ్ళలో తమ ట్రాక్ వినమని కాళ్ళు పట్టుకున్నవాళ్ళు ఉన్నారు. రాత్రిళ్ళు ఫోన్లు చేసి తిట్టినవాళ్ళు ఉన్నారు. వినొద్దని బతిమాలింది నువ్వొక్కడివే.”

“ఫెన్నా, ప్లీజ్.”

నొక్కింది.

ముందు నీళ్ళు. పడవ పక్కకి తగిలి వెనక్కి జారే నీళ్ళు. రెల్లుగడ్డిలో గాలి. డ్రమ్ము చాలా నెమ్మదిగా, నిద్రపోతున్నవాళ్ళని లేపకూడదన్నట్టు మొదలైంది. దాని మీద నాలుగు స్వరాలు. నాలుగే. నాలుగో స్వరం దగ్గర ఫెన్నా కుర్చీ ముందుకి జరుపుకుంది. ఇది తమ్ముడి చెయ్యి. వెయ్యిమందిలో గుర్తుపడుతుంది.

అప్పుడే గంట మోగింది.

టింగ్, టాంగ్. టింగ్, టాంగ్.

ఫెన్నా అలవాటుగా కిటికీ దగ్గరికి పరుగెత్తింది. వంతెన మీద దీపం పచ్చగానే ఉంది. గేట్లు ఎత్తే ఉన్నాయి. పాల లారీ ఒకటి తాపీగా దాటిపోతోంది. తను వంతెన మీట నొక్కలేదు. నొక్కకుండా గంట ఎలా మోగుతుంది?

మోగింది బయట కాదు. స్పీకర్లలో.

తిరిగి చూసేసరికి వెస్సెల్ రెండు చేతుల్తో తల పట్టుకుని ఉన్నాడు. డ్రమ్ము ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, మైకులోంచి గరగరలాడుతూ, ఒక ఆడగొంతు గట్టిగా అరిచింది:

“పెళ్ళికూతురు ముందు! ఆవులు తర్వాత!”

వెనక జనం పగలబడి నవ్వారు. ఒక ఆవు అంబా అంది. ఆ అంబా శ్రుతిలోంచే రాగం లేచింది. లేచి, పెరిగి, గదంతా నిండి, కిటికీ అద్దాల్ని అదరగొట్టింది.

ఫెన్నా నోరు తెరిచి నిలబడిపోయింది.

ఆ గొంతు తనది.

పోయిన సెప్టెంబరు, శనివారం. తూర్పు నుంచి పూలు కట్టిన పెళ్ళిపడవ. పడమర నుంచి ఇరవై ఆవులతో రైతు సీట్స బల్లకట్టు. ఇద్దరూ ఒకేసారి వంతెన కిందికి దూరబోయి, మేం ముందంటే మేం ముందని తగువు. మైకు తీసుకుని తనే తీర్పు చెప్పింది. నెల్లాళ్ళపాటు ఊరంతా అదే మాట. రొట్టెల కొట్టులో వరస దగ్గర కూడా ‘పెళ్ళికూతురు ముందు’ అనేవాళ్ళు.

పోయిన సెప్టెంబరు.

“ఎనిమిదేళ్ళ డిస్కు,” అంది ఫెన్నా. పాట ఆపింది. మళ్ళీ అంది. “ఎనిమిదేళ్ళ డిస్కులో పోయిన ఏటి ఆవులు ఎలా అరుస్తున్నాయి వెస్సెల్?”

“ఎవరో దారిన పోయేవాడు రికార్డు చేసి ఉండొచ్చు. నేను దాన్ని…”

“నోర్ముయ్. విను.” వెనక్కి తిప్పింది. గంట దగ్గర పెట్టింది. టేబుల్ మీద వేలితో కొడుతూ లెక్కపెట్టింది. “ఒకటి. రెండు. మూడు. నాలుగు.”

ఐదోది రాలేదు.

అరక్షణం. అప్పుడు వచ్చింది.

“కొత్త గంట తప్పు కొట్టదు,” అంది ఫెన్నా. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. “రోజుకి నలభైసార్లు వింటాను. గోడగడియారం లాంటిది అది. ఐదోదాన్ని ఎవరో చేత్తో వెనక్కి జరిపారు. పాత గంట కింద కూర్చుని పెరిగినవాడు జరిపాడు. పోయిన సెప్టెంబరు తర్వాత జరిపాడు!”

“ఫెన్నా…”

“వాడు ఇక్కడే ఉన్నాడు! ఈ వంతెన కింద! నా గొంతు రికార్డు చేశాడు. నేను పైన మైకు పట్టుకుని ఆవులకి తీర్పు చెబుతుంటే వాడు కింద రెల్లుగడ్డిలో కూర్చుని నవ్వుకున్నాడు!” వెస్సెల్ కోటు పట్టుకుని ఊపేసింది. “వాడు బతికే ఉన్నాడురా! నీకు తెలుసు. తెలిసి నా ముందు కూర్చుని ‘వాడికేం తొందర’ అన్నావు!”

ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. వెస్సెల్ కోటు వదిలేసి, అట్టపెట్టె చింపి, కేకు ముక్క విరిచి నోట్లో కుక్కుకుంది. ఎనిమిదేళ్ళుగా ఆ కేకు ముట్టలేదు ఆమె.

“చెప్పు,” అంది నోటినిండా కేకుతో.

“పోస్టులో వచ్చింది,” అన్నాడు వెస్సెల్. “అక్టోబరులో. చిన్న మెమరీ కార్డు. పంపినవాళ్ళ పేరు లేదు. అందులో ఇదొక్కటే ఉంది.”

“వచ్చినప్పుడు ఏమనుకున్నావు?”

“ఏమీ అనుకోకూడదనుకున్నాను.” తల ఎత్తలేదు. “వాడు బతికుంటే ఆల్బమ్ నాది కాదు. పోయాడనుకుంటే… వాడి పాటలు భద్రంగా దాచినవాడిని అవుతాను. దొంగని కాను. పాటలోంచి నీ గొంతు కోసేద్దామనుకున్నాను. నాలుగుసార్లు కోశాను. కోస్తే పాట చచ్చిపోతోంది. మళ్ళీ పెట్టాను. ఆ ఒక్క పని మాత్రం నిజాయితీగా చేశాను.”

 ఫెన్నాకి అతన్ని కొట్టాలనిపించింది. కానీ కోసినదాన్ని తిరిగి పెట్టినవాణ్ణి కొట్టడానికి ఆమెలోని శ్రోత ఒప్పుకోలేదు.

పదకొండూ యాభై ఒకటి.

కూర్చుంది. తెర మీద చివరి మూడు వాక్యాలు చెరిపేసింది. వెస్సెల్ లేచి ఆమె భుజం మీంచి చూశాడు. ఆమె వేళ్ళు ఆగకుండా నడిచాయి.

*“తొమ్మిదోది వినకముందే పైదంతా రాశాను. అది నా తప్పు. చెరపను, అలాగే ఉంచుతాను. ఎనిమిది ట్రాకులు విని ఈ ఆల్బమ్ పోయినవాళ్ళ గురించి అనుకున్నాను. తొమ్మిదోదానిలో ఒక ఆవు అరుస్తుంది. దాని గొంతులోంచి పుట్టే రాగం వినండి. చచ్చిపోయినవాళ్ళకి ఇంత అల్లరి చేతకాదు.*

*ఈ రాగాలు ఎవరివో వెస్సెల్ రోర్డా తన నోటితో చెప్పాలి. రేపు ఆల్బమ్ మీ చేతికొచ్చే లోపల చెబుతాడు. చెప్పకపోతే నేను చెబుతాను.*

*తొమ్మిదోదాన్ని చేసిన మనిషికి ఒక మాట. ఇవాళ భోజనాల వేళ వంతెన తెరుస్తాను.”*

“చివరి వాక్యం ఏమిటి?” అన్నాడు వెస్సెల్. “జనానికి ఏమర్థమవుతుంది?”

“జనానికి కాదు అది.”

అతనికి అప్పుడు వెలిగింది. ‘వంతెన’ అంటే ఏ వంతెనో లోకంలో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకడు ఈ గదిలో ఉన్నాడు. భోజనాల వేళ ఈ కాలువలోకి ఏ పడవా రాదు. వస్తే…

“రేపటి సంగతి,” అన్నాడు మెల్లగా. “చెప్పేస్తాను. నేనే చెబుతాను.”

“చెబుతావని రాసేశాను. ఇంక నీకు వేరే దారి లేదు.”

పన్నెండు కొట్టింది. ఫెన్నా ‘ప్రచురించు’ మీట నొక్కింది. ఈసారి వేలు ఆగలేదు.

మొదటి నిమిషంలోనే మాటలు వచ్చి పడ్డాయి. ‘ఆవా?’ అన్నాడు ఎవరో రోటర్‌డామ్ నుంచి. ‘వంతెనకి పిచ్చెక్కింది, నేను రెండు కాపీలు కొంటున్నా’ అన్నాడు ఇంకొకడు. వెస్సెల్ ఫోను కోటు జేబులో కందిరీగలా మోగుతూనే ఉంది. అతను దాన్ని తీయలేదు. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడ్డారు. కాలువ ఖాళీగా, వెండి రేకులా పడుంది.

పన్నెండూ నాలుగు. ఏమీ లేదు.

పన్నెండూ ఏడు. బాతులు.

పన్నెండూ తొమ్మిదికి తూర్పున రెల్లు వెనకనుంచి కొమ్ము ఊదారు. పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి, మళ్ళీ పొడుగ్గా ఒకటి. వంతెన తెరవమని.

“అయ్యబాబోయ్,” అన్నాడు వెస్సెల్.

ఫెన్నా అప్పటికే మీటల దగ్గరుంది. ఎర్రదీపం. టింగ్, టాంగ్. గేట్లు దిగాయి. పదకొండేళ్ళ ఉద్యోగంలో భోజనాల వేళ వంతెన లేపడం ఇదే మొదలు. గేటు అవతల ట్రాక్టర్ మీదున్న రైతు టోపీ తీసి మరీ అరిచాడు. “ఫెన్నా! మతి పోయిందా? తిండి టైముకి ఏంటమ్మా ఇది?”

“పెళ్ళికూతురొస్తోంది మామా! ఆగు!” అని మైకులో అరిచింది.

వంతెన రోడ్డు ముక్కని ఎత్తుకుని ఆకాశంలోకి లేచింది. చిన్న పడవ, బూడిదరంగు తెరచాప దించేసి, ఇంజను మీద మెల్లగా వస్తోంది. నడుపుతున్న మనిషి వానకోటు టోపీ ముక్కు దాకా లాక్కుని ఉన్నాడు. జూన్ నెల ఎండలో.

ఫెన్నా గోడకి ఆనించిన గాలపు కర్ర తీసుకుంది. దాని చివర తాడుకి చెక్కబూటు వేలాడుతూ ఉంటుంది. దాటే పడవలవాళ్ళు అందులో సుంకం నాణెం వేస్తారు. ఈ కాలువ మీద తాతల నాటి పద్ధతి. కర్ర చాచింది. చెక్కబూటు ఊగుతూ పడవ మీదకి దిగింది. ఒక చెయ్యి పైకి లేచింది. బూటుని ఒడుపుగా పట్టుకుంది. ఏదో పెట్టింది. వదిలేసింది.

“యెల్మర్!” అని అరిచింది ఫెన్నా.

టోపీ పైకి తిరగలేదు. పడవ వంతెన నీడలోంచి అవతలికి జారిపోయింది.

చెక్కబూటు పైకి లాగింది. అందులో నాణెం లేదు. గోరంత మెమరీ కార్డు ఉంది. దానికి అంటించిన తెల్లకాగితం మీద నల్లసిరాతో ఒక అంకె.

పది.

తొమ్మిది ట్రాకుల ఆల్బమ్‌కి పదోది.

ఫెన్నా వంతెన దించేసింది. గేట్లు లేచాయి, ట్రాక్టర్ తిట్టుకుంటూ పోయింది. వైర్‌లెస్ అందుకుంది. పడమరగా ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో తరవాతి వంతెన. అక్కడ ముసలి డౌవ ఉంటాడు. అతను భోజనం మానేసి వంతెన తెరిచిన రోజు చరిత్రలో లేదు. అంటే ఆ పడవ ఇటు రాలేదు, అటు పోలేదు. ఒంటిగంట దాకా రెండు వంతెనల మధ్య బందీ.

“డౌవ బాబాయ్, నీవైపు ఒక పడవ వస్తోంది. చూశావా?”

“చూశాను. జున్ను రొట్టె తింటున్నాను,” అంది వైర్‌లెస్. “ఒంటిగంట దాకా వాడి తాతొచ్చినా తీయను.”

“తీయకు. దేవుడొచ్చినా తీయకు. దుర్బిణీ తీసుకుని అందులో ఎవరున్నారో చూసి చెప్పు.”

నములుతున్న చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. ఫెన్నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

“ఒక్కరే ఉన్నారు,” అన్నాడు డౌవ. “ఆగు, ఎండకి కాబోలు టోపీ తీస్తోంది. ఆడమనిషి, ఫెన్నా. ఎర్రజుట్టు. చంద్రకాంత పువ్వులా ఉంది దూరానికి. నీకు తెలిసినావిడా?”

“తెలీదు,” అంది ఫెన్నా.  “నాకెవరూ ఎర్రజుట్టువాళ్ళు తెలీదు.”

వెనక ఏదో పగిలింది. వెస్సెల్ చేతిలోంచి జారిన ఆమె కాఫీ కప్పు.

ఆమె పట్టించుకోలేదు. గోడ మీంచి సైకిలు తాళంచెవి లాక్కుంది. కార్డుని గుప్పిట్లో బిగించింది. సైకిలు మీద ఆరు నిమిషాలు. మెట్ల దగ్గరికి వెళ్ళింది.

“ఫెన్నా,” అన్నాడు వెస్సెల్.

“తర్వాత.”

“కార్డు పోస్టులో వచ్చిందన్నాను కదా.”

మొదటి మెట్టు మీద ఆమె కాలు ఆగింది.

“రాలేదు,” అన్నాడు. “ఆవిడే చేతికిచ్చింది. అక్టోబరులో, హార్లింగెన్ రేవులో. ఆ ఎర్రజుట్టావిడ.”

“ఒక్కతేనా?”

వెస్సెల్ తల అడ్డంగా ఊపాడు. 

“పక్కనే యెల్మర్ ఉన్నాడు. గంటసేపు మాట్లాడాడు నాతో. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు.” చేతికంటిన కాఫీ కోటుకి తుడుచుకున్నాడు. “తను బతికున్నట్టు లోకంలో ఎవరికి చెప్పినా ఫర్వాలేదట. ఫెన్నాకి మాత్రం చెప్పొద్దన్నాడు.”